పది సెకన్లలో మునగాల్సిన పత్తి

నాకు ముప్పై నాలుగేళ్ళు. పోయిన నెలతో రిటైరయ్యాను. నవ్వాలనుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి. మా వీధిలో అందరూ ఇప్పటికే నవ్వేశారు. మిల్లు మూసేస్తూ మా చేతికి వలంటరీ రిటైర్‌మెంట్ అని ఒక కాగితం ఇచ్చారు. స్వచ్ఛందంగా అనే మాట అందులో మూడు చోట్ల ఉంది. గేటుకు తాళం వేసేశాక ఇంకా స్వచ్ఛందం ఏమిటో నాకు అర్థం కాలేదు. సంతకం మాత్రం పెట్టాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా కాలనీ పిల్లలు ఇద్దరు, స్టెల్లా, కవిత, కినత్తుకడవు దగ్గర కొత్తగా పెట్టిన ఆసుపత్రి దూది యూనిట్‌లో ల్యాబ్ పనికి చేరబోతున్నారు. "అక్కా, ఆడ ఏం పని ఉంటాది?" అని అడిగారు. చెప్పబోయి రెండుసార్లు మధ్యలో ఆగిపోయాను. నోటితో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. పదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, రాయడమే తేలిక. తెలుగులోనే రాస్తున్నాను. మీ ఇద్దరికీ తెలుగు మాట్లాడటం తప్ప అక్షరాలు రావని తెలుసు. నాకూ బళ్ళో చెప్పింది అరవమే. మా అత్త తన తెలుగు బైబిలు ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం చూపించి నేర్పింది. ఆదివారం రండి, చదివి వినిపిస్తాను. నేర్చుకుంటే ఇంకా మంచిది, ఆరు నెలల పని. కోయంబత్తూరులో తెలుగు అక్షరాలు ఎందుకు పనికొస్తాయని ముందే అడక్కండి.

పత్తి ఎందుకు మునగాలి

చేలో కోసిన పత్తిని నీళ్ళలో వేస్తే తేలుతుంది. నొక్కినా పైకే వస్తుంది. దాని పోగు మీద సన్నటి మైనం ఉంటుంది. ఆ మైనం పోయేదాకా కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడకబెట్టాలి. మా మిల్లులో అందుకు ఒక పెద్ద ఇనప కుండ ఉండేది, నిలువునా ఇద్దరు మనుషుల ఎత్తు. మూత బిగించి ఆవిరి పెడతారు. కియర్ అంటారు. అందులో ఉడికి, బ్లీచింగ్ అయ్యి, ఆరాక పత్తి ఆసుపత్రి దూది అవుతుంది. పుండు మీద పెడితే అది రక్తాన్నీ చీమునూ పీల్చుకోవాలి. మైనం మిగిలిన దూది పీల్చుకోదు, పుండు మీద ఊరికే కూర్చుంటుంది.

పీలుస్తుందో లేదో చూసే పరీక్ష చాలా చిన్నది. రాగి తీగతో అల్లిన బుట్టలో ఐదు గ్రాముల దూది పెట్టి, నీళ్ళకు కాస్త పైనుంచి జారవిడవాలి. బుట్ట పూర్తిగా నీళ్ళ కిందికి పోయేదాకా స్టాప్‌వాచ్ చూడాలి. పది సెకన్లలోపు మునిగితే పాస్. మునగకపోతే ఆ లాటు మొత్తం మళ్ళీ కియర్‌కి పోవాలి.

పద్నాలుగేళ్ళు నా ఉద్యోగం ఇదే. ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ అందరి ముందూ అడిగింది, బుట్ట ముంచితే జీతం ఇస్తారా అని. తన మనవడు పొద్దస్తమానం బకెట్లో చెంబు ముంచుతుంటాడట, వాడికీ ఒక చోటు చూడమంది. పందిట్లో అందరూ నవ్వారు. నేను చేతి గాజులు చూసుకుంటూ కూర్చున్నాను.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. స్టాప్‌వాచ్ మీద ఉండే వేలికి ఎదుటివాళ్ళను సంతోషపెట్టాలనే జబ్బు ఉంటుంది. మా కెమిస్టు సార్ ల్యాబ్‌కు పెద్ద. పరీక్ష వేళ నా వెనక వచ్చి నిలబడి, గొంతులో ఏదో పాట ఆడించేవాడు. ఆయన ఏమీ అనేవాడు కాదు. కానీ ఆయన నిలబడిన రోజు దూది ఒక సెకను ముందే మునిగేది. మునగబోతోంది కదా అని వేలు ముందే నొక్కేసేది. మీ వెనక ఎవరైనా నిలబడితే బుట్ట పక్కన పెట్టి, వెనక్కి తిరిగి వాళ్ళ మొహం చూడండి. అంత పని చెయ్యడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది.

ఒక్క మాటకు ఎన్ని పనులో

నాకు ఇంకో దురలవాటు ఉంది, లైబ్రరీలో ఇంగ్లీషు సైన్సు పుస్తకాలు తెచ్చుకుని చదవడం. ఇంట్లో తెలిస్తే పెళ్ళిచూపుల్లో చెప్పేస్తారని దాచుకునేదాన్ని. అవి చదివినప్పుడల్లా చిరాకు పుట్టించిన మాట సింక్. వంటింట్లో గిన్నెలు కడిగే తెల్లటి గుంట ఒక సింకు. తుడియలూరులో మా చిన్నాన్న కొడుకు ఆంప్లిఫయర్లు బాగుచేసే అంగడి ఉంది. అక్కడ దువ్వెన పళ్ళలాగా ఉన్న అల్యూమినియం దిమ్మె చూపించి, ఇది వేడికి సింకు అన్నాడు. యంత్రంలో పుట్టిన వేడిని అది పీల్చి గాలికి వదులుతుందట. ఇంకో పుస్తకంలో అడవులూ సముద్రాలూ పొగకు సింకులని రాశారు. మనం వదిలిన పొగను అవి లోపలికి తీసుకుంటాయట. నా పరీక్షకేమో సింకింగ్ టైమ్, అంటే మునగడానికి పట్టే సమయం, అని పేరు. ఒక మాట సంపాదించి ఇంతమంది వాడుకోవడం ఏమిటని డైరీలో విసుక్కున్నాను.

మెల్లగా ఒకటి గమనించాను. ఈ పుస్తకాలన్నిట్లోనూ ఒకటే నమ్మకం. మనకు అక్కర్లేనిది అందులోకి పోతే ఇక ఆ సంగతి అయిపోయినట్టే. చిన్నాన్న కొడుకు మాత్రం అలా అనలేదు. దువ్వెన పళ్ళ మధ్య దుమ్ము పడితే వేడి ఎక్కడికీ పోదని, యంత్రం కాలిపోతుందని చెప్పాడు. మా నాన్న ఆ నమ్మకాన్ని అసలు ఒప్పుకునేవాడు కాదు. ఆయన పని ఊళ్ళో కాలవలూ మురికి గుంతలూ దిగి తియ్యడం. ఊరంతా సింకులో పోసి మరిచిపోయింది ఆయన ముందుకే వచ్చేది. వీధిలో నడుస్తూ, "ఈ ఇంట్లో నేడు కోడి కోసినారు. ఆ ఇంట్లో ఆమె కాన్పయ్యింది" అని చెప్పేవాడు. తలుపులు వేసుకున్న ఇళ్ళ సంగతులు ఆయనకు వాళ్ళ కాలవ చెప్పేది.

ఆయన కూతురినే, అంటే నన్నే, ల్యాబ్‌లో పెట్టుకున్నారు. పెట్టించినవాడు మారప్ప మామ. కియర్ మేస్త్రి. మాకు చుట్టం కాడు, మా కాలనీలో పుట్టినవాడు, అంతే. పన్నెండు పాసైన ఆడపిల్ల మా వాళ్ళలో ఒకతె ఉందని మేనేజరు దగ్గర నాలుగు నెలలు తిరిగి చెప్పాడు. ఊడ్చే పనికైతే రేపే రమ్మన్నారు. "ఊడ్చేదానికి మా ఇండ్లల్లో ఆళ్ళు ఉండారయ్యా. ఇది రాసే పిల్ల" అన్నాడట.

సరోజక్క సింకు

ల్యాబ్‌లో నాతో ఉన్న మనిషి సరోజక్క. నాకన్నా పదేళ్ళు పెద్దది. పుట్టిల్లు చిన్నమనూరు వైపు, ద్రాక్ష తోటలున్న రైతులు. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే. చేరిన రోజు నేను గొణుక్కుంటూ లెక్క కట్టడం విని, "నీదీ మా బాసేనా" అని మొహం అంతా వెలిగిపోయింది. ఆ పూట ఆమె తెచ్చిన మురుకులు నాకు కాగితంలో పెట్టి ఇచ్చింది. కాగితంలో ఎందుకిచ్చిందో మధ్యాహ్నం తెలిసింది.

అన్నం తిని క్యారియర్ కడుగుదామని సింకు దగ్గరికి వెళ్ళాను. ల్యాబ్ మొత్తానికి కొళాయి అదొక్కటే. సరోజక్క చుట్టూ చూసింది. మిగతావాళ్ళతో అరవంలో మాట్లాడేది, నాతో గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది.

"ఈడ ఒద్దు కణ్ణు. అందరూ టంబ్లరు కడిగే చోటు. నాకేమీ లేదు, సార్‌కి తెలిస్తే నన్ను అంటారు."

తిట్టలేదు. కణ్ణు అని ముద్దుగా పిలిచి, బాధపడుతున్నట్టే చెప్పింది. అదే ముక్క అరవంలో చెప్పి ఉంటే ఆఫీసు రూలు అనుకుని ఊరుకునేదాన్ని. ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పింది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: మురుకులు బాగున్నాయి. సింకు మాట మర్నాటి పేజీలో రాశాను.

ఇంకో సంగతి కూడా రాయాలి, రాయకపోతే నాకు ఊపిరాడదు. ఆ సింకు గొట్టం మూసుకుపోతే మాత్రం నన్నే అడిగేవాళ్ళు. మీ నాన్నను పంపమ్మా, బయటివాళ్ళు రావడానికి రెండు రోజులంటున్నారు అనేవాళ్ళు. నా క్యారియర్ ఆనకూడని చోటును శుభ్రం చెయ్యడానికి మా నాన్న చెయ్యి పనికొచ్చేది. ఇందులో వింత ఆ గదిలో ఎవరికీ కనిపించలేదు. మొదట నాకూ కనిపించలేదు.

క్యారియర్ కడగకుండా ఇంటికి తీసుకుపోతే వాసన. అందుకని ఒక దారి కనిపెట్టుకున్నాను. దూది ముంచే పరీక్షకు గాజు తొట్టి ఉండేది, అది పగిలిపోయాక ఒక పింగాణీ బేసిన్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని కియర్ షెడ్డు వెనక సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ముంచుకుని, అందులో క్యారియర్ కడిగి, ఒకసారి తిప్పి పారబోసి, రెండు గంటల పరీక్షకు అదే బేసిన్‌లో కొత్త నీళ్ళు తెచ్చేదాన్ని. ఎవరైనా చూస్తే పరీక్ష నీళ్ళకు పోతోంది అనుకునేవాళ్ళు.

పరీక్ష పాత్రలకు సబ్బు తగలకూడదని గోడ మీద రాసి ఉంది. నేను సబ్బు తగలనివ్వలేదు. ఆ విషయంలో చాలా నిష్ఠగా ఉన్నాను. మా ఇళ్ళల్లో తలకూ గిన్నెలకూ వాడేది అరప్పు, అదొక చెట్టు ఆకుల పొడి. పొట్లం కట్టుకుని వెళ్ళి దాంతో కడిగేదాన్ని. అరప్పు ఆకు కదా, సబ్బు కాదు కదా. ఇంట్లో పండుగ నాడు సబ్బు ముట్టని మా అవ్వ కూడా అరప్పు పెట్టుకునేది. సైన్సు పుస్తకాలు చదివే నా బుర్రకు అంతకు మించి తట్టలేదు. దాని మీద ఇప్పటికీ నాకు కోపమే.

శుక్రవారాలు

రెండో ఏడు వానలు పడ్డాక ఒక విచిత్రం మొదలైంది. వారమంతా దూది మూడు నాలుగు సెకన్లలో మునిగేది. శుక్రవారం మాత్రం పదిహేను, ఇరవై. ప్రతి శుక్రవారం లాటూ ఫెయిలై మళ్ళీ కియర్‌కి పోయేది. కెమిస్టు సార్ మారప్ప మామను పిలిచి అరిచేవాడు. గురువారం రాత్రి ఎంత తాగుతావు అనేవాడు. మామ గుడిలో ఒట్టు పెట్టి తాగుడు మానేసి పదకొండేళ్ళయ్యింది. షెడ్డులో కుర్రాళ్ళకు మాత్రం మంచి కాలక్షేపం దొరికింది. "మామోయ్, నేడు ఏ వారం?" అని అడిగి పక్కకు తప్పుకునేవాళ్ళు. మామ నవ్వి ఊరుకునేవాడు.

తర్వాత అసలు దెబ్బ తగిలింది. మదురైలో ఒక ఆసుపత్రి నుంచి పెట్టెలు తిరిగి వచ్చాయి. దూది నీళ్ళలో తేలుతోందని, పుండ్లకు పనికిరాలేదని రాశారు. కెమిస్టు సార్ నా రిజిస్టర్ తెరిచాడు. ఆ లాట్లన్నీ నాలుగు సెకన్లకే పాసై ఉన్నాయి. ల్యాబ్‌లో మునిగిన దూది ఆసుపత్రిలో తేలిందంటే, మధ్యలో ఎవరో మంచి దూది తీసేసి ఉడకని దూది పెట్టారని తేల్చాడు. ఆరబెట్టిన దూది ఉంచే గోడౌను తాళం మారప్ప మామ దగ్గర ఉంటుంది. ఆయన్ని పని మానిపించారు. సోమవారం మేనేజరు ముందు విచారణ. దొంగతనం అని తేలితే ఉద్యోగంతో పాటు మిల్లు లైన్లో ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. అన్నిటికన్నా, పాతికేళ్ళలో దూది పోగు కూడా బయటికి తీసుకుపోని మనిషి మీద దొంగ అనే ముద్ర మిగులుతుంది.

గురువారం సాయంత్రం గేటు దగ్గర ఆయన కనిపించాడు. నేను తల దించుకుని పోబోయాను.

"పాపా" అని పిలిచాడు. "నువ్వు బాగానే రాసినావు గదా? సరిగ్గా చూసే రాసినావు గదా?"

చూసే రాశాను మామా అన్నాను.

"అప్పుడు సరి. నీ పుస్తకమే గదా నన్ను దొంగ అని చెప్తా ఉండేది. నీ పుస్తకం తప్పు చెప్పదు. నాకే ఏమీ తెలియలేదు, దూది యాడికి పోయిందో."

కోపంతో అని ఉంటే బాగుండేది. ఆయనకు తన లెక్క కన్నా నా రాత మీద నమ్మకం ఎక్కువ.

నాన్న వచ్చిన రోజు

శనివారం సింకు మళ్ళీ మూసుకుపోయింది. నాన్నను పిలిపించారు. ఆయన కింద గొట్టం విప్పి దూది ముద్దలు తీసి, బయట కాలవ సంగతి చూద్దామని షెడ్డు వెనక్కి వెళ్ళాడు. నేను అప్పుడే రెండు గంటల పరీక్ష ముగించి, బేసిన్‌లో నీళ్ళు అదే కాలవలో పారబోస్తున్నాను. నాన్న వంగి ఆ నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళ అంచున సన్నటి నురుగు నిలిచింది.

"ఈడ ఎవురు తలకు పోసుకున్నారు?" అన్నాడు.

ఎవరూ పోసుకోలేదు, ఇది పరీక్ష నీళ్ళు అన్నాను.

"పరీక్ష నీళ్ళు గాదు, అరప్పు నీళ్ళు. నురుగు చూస్తే నాకు తెలియదా? సబ్బు నురుగైతే తెల్లగా లేచి పడిపోతాది. ఇది పచ్చగా అంటుకోని నిలుస్తాది."

ఆయన గొట్టం బిగించడానికి లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఖాళీ బేసిన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

శుక్రవారం నేను మధ్యాహ్నం అన్నం తినను. నాన్న దగ్గు తగ్గాలని మొక్కు. తినని రోజు క్యారియర్ లేదు. క్యారియర్ లేని రోజు బేసిన్‌లో అరప్పు లేదు.

మర్నాడు ఆదివారం. వాచ్‌మన్ మా కాలనీ వాడే, పొద్దున్నే గేటు తీయించాను. కొత్త బకెట్ ఒకటి ఇంటి నుంచి తెచ్చాను. తిరిగొచ్చిన పెట్టెలోంచి దూది తీసి, శుభ్రమైన నీళ్ళలో బుట్ట వదిలాను. తేలింది. పది, ఇరవై, నలభై. వాచీ ఆపేశాను. ఆ నీళ్ళలో చిటికెడు అరప్పు కలిపి మళ్ళీ వదిలాను. నాలుగు సెకన్లకు చక్కగా మునిగింది. ఆకు కూడా సబ్బు పనే చేస్తుంది. మైనం ఉన్న దూదిని కూడా నీళ్ళలోకి లాగేస్తుంది. దొంగ ఎవరూ లేరు. దూది మొదటి నుంచీ ఉడకనిదే, నా అరప్పు నీళ్ళు దాన్ని పాస్ చేశాయి. శుక్రవారం ఒక్కటే నిజం చెప్పింది, ఆ నిజం చెప్పినందుకే మామ వారం వారం తిట్లు తిన్నాడు. రిజిస్టర్ తిరగేసి చూశాను. తిరిగొచ్చిన లాట్లలో శుక్రవారంది ఒక్కటీ లేదు. శుక్రవారం ఫెయిలైనవన్నీ రెండోసారి ఉడికాయి, అవే మంచి దూది.

రేపు చెప్పాలంటే, బేసిన్‌లో క్యారియర్ కడిగానని చెప్పాలి. సింకు ఉండగా బేసిన్‌లో ఎందుకు కడిగావని అడుగుతారు. అక్కడే ఆగిపోయాను. తప్పు ఒప్పుకోవడానికి కాదు నాకు సిగ్గు. ఆ కారణం నా నోటితో చెప్పాలి. ఇన్నాళ్ళూ అలాంటిదేమీ జరగనట్టే ఆ గదిలో తిరిగాను. వాళ్ళూ జరగనట్టే ఉన్నారు. సింకులో పోసి మరిచిపోవడం నేను కూడా బాగానే నేర్చుకున్నాను.

మేనేజరు గది

సోమవారం ఆ గదిలో మేనేజరు, కెమిస్టు సార్, సాక్ష్యానికని సరోజక్క, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని మారప్ప మామ ఉన్నారు. రిజిస్టర్ పట్టుకుని రమ్మని నన్ను పిలిచారు. నేను రిజిస్టర్‌తో పాటు డైరీ కూడా తెచ్చాను. మాట్లాడమన్నారు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కెమిస్టు సార్ విసుగ్గా, ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే అన్నాడు.

అప్పుడు డైరీ తెరిచి చదివాను. నా డైరీ తెలుగు అక్షరాల్లో ఉంటుంది, ల్యాబ్‌లో ఎవరి చేతికి దొరికినా చదవలేరని. ఆ గదిలో ఎవరికీ ఆ అక్షరాలు రావు. కానీ చదివితే సరోజక్కకు తెలుస్తుంది, మామకు తెలుస్తుంది. మేనేజరు ఇంట్లోనూ తెలుగే అని నాకు అప్పటిదాకా తోచలేదు.

చదివాను. సరోజక్క సింకు దగ్గరికి రావద్దని చెప్పింది. ఈ రోజు నుంచి పరీక్ష బేసిన్‌లో క్యారియర్ కడుగుతున్నాను. ఈ రోజు శుక్రవారం, అన్నం లేదు, కడగలేదు, దూది ఫెయిల్, మామను తిట్టారు. ఈ రోజు కడిగాను, పాస్. ఈ రోజు కడిగాను, పాస్. తల ఎత్తకుండా పేజీ తర్వాత పేజీ చదివాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

కెమిస్టు సార్‌కు తెలుగు రాదు. "ఎన్న సొల్లుదు ఇంద పొణ్ణు?" అని అడిగాడు, ఈ పిల్ల ఏమంటోంది అని. సరోజక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. మేనేజరు నా వైపే చూస్తూ తెలుగులో అన్నాడు.

"ఆ మొదటిది మళ్ళా చదువమ్మా."

మళ్ళీ చదివాను. సరోజక్క సింకు దగ్గరికి రావద్దని చెప్పింది.

తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు తెప్పించి, ఒకదాంట్లో అరప్పు కలిపి, రెంటిలోనూ తిరిగొచ్చిన దూది వేసి చూపించాను. ఒకటి మునిగింది, ఒకటి తేలింది. అయితే ఉడకని దూది కియర్‌లోంచి ఎలా వచ్చిందని మేనేజరు మామను అడిగాడు. మామ కెమిస్టు సార్ వైపు చూశాడు.

"ఎనిమిది గంటలు ఉడికేదాన్ని వానల్లో ఐదు గంటలకు దింపమంటిరి గదా సామీ. ఆవిరి దండగ అంటిరి. దూది పాసవుతా ఉంది, నాకేమి తెలుసు?"

ఆ ఆర్డరు కాగితం మీద ఎక్కడా లేదు. నోటి మాట. కెమిస్టు సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ తర్వాత

మారప్ప మామను మర్నాడే పనిలోకి పిలిచారు. క్షమించమని ఎవరూ అనలేదు. కియర్ మళ్ళీ ఎనిమిది గంటలు ఉడికింది. కెమిస్టు సార్ ఇంకో ఆరేళ్ళు అదే కుర్చీలో ఉన్నాడు, వెనక నిలబడి పాడటం మాత్రం మానేశాడు. నా నిర్లక్ష్యానికి ఒక మెమో ఇచ్చారు. అది న్యాయమే. నా వల్ల ఎన్ని పుండ్ల మీద పనికిరాని దూది పడిందో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. అది ఇప్పటికీ తేలుతూనే ఉంది.

ల్యాబ్ గోడ మీద కొత్త నోటీసు అంటించారు: పరీక్ష పాత్రలలో ఏదీ కడగరాదు. అంతే. మరి ఎక్కడ కడగాలో అందులో లేదు. ఇంత విచారణ జరిగి, అందరూ విని, చివరికి నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యం. ఆ నోటీసు చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నా సిగ్గును ఆ మంటే తీసేసిందనుకుంటాను.

ఆ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళాను. సరోజక్క అక్కడే టంబ్లర్ కడుగుతోంది. నేను ఆగలేదు, పక్కన నిలబడి కొళాయి కింద క్యారియర్ పెట్టాను. నేను అరప్పు పొట్లం విప్పాను. ఆమె నా చేతి వైపు చూసి, తన సబ్బు ముక్క నా వైపు జరిపింది.

"దాన్ని ఏసి గొట్టం అడ్డుకోనియ్యకు. మళ్ళా మీ నాన్నని పిలవాల్సొస్తాది" అంది.

అది క్షమాపణో, గద్దింపో, పాత అలవాటో నాకు ఈ రోజుకీ తేలలేదు. ఆ సబ్బు వాడాను. పన్నెండేళ్ళు ఆ సింకులోనే కడిగాను. నాన్నను మాత్రం ఆ గొట్టం విప్పడానికి మళ్ళీ రానివ్వలేదు. బయటివాళ్ళు రావడానికి రెండు రోజులు పడితే, రెండు రోజులు అందరం సిమెంటు తొట్టి దగ్గరికే వెళ్ళాం.

స్టెల్లా, కవితా, కినత్తుకడవులో మీకు గాజు తొట్టి ఇస్తారు, డిజిటల్ వాచీ ఇస్తారు. పుస్తకంలో ఉన్నదంతా నేర్పుతారు. ఏ రోజు ఏం చేశారో, ఏం జరిగిందో మీకోసం మీరు రాసి పెట్టుకోండి, మీకు నచ్చిన అక్షరాల్లో. చేరిన మొదటి రోజే సింకు ఎక్కడుందో చూసుకోండి. అందులో ఎవరు కడగొచ్చు అని మాత్రం ఎవరినీ అడక్కండి. అన్నం తిన్నాక నేరుగా వెళ్ళి కడుక్కోండి.